మేము వెళ్దాం

లోపలికి నా భార్యను పిలిచారు, నన్ను బయటే కూర్చోమన్నారు. తలుపు మూసుకుంది, పూర్తిగా కాదు, కింది మడతబందుకు ఒక మర ఊడిపోయింది, అందుకని తలుపు కొంచెం వాలి నేలకు రాసుకుని వేలు పట్టేంత సందు మిగిల్చి ఆగింది. ఇంత పెద్ద ఆఫీసు, గోడకు గోడంత అద్దం, నీళ్ళకు వేడిగా ఒక కొళాయి చల్లగా ఒక కొళాయి, ఆ ఒక్క మర సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. నా జేబులో స్క్రూడ్రైవరు ఉంటే ఈపాటికి లేచి బిగించేసేవాణ్ణి, కానీ గేటు దగ్గర జేబులన్నీ ఖాళీ చేయించారు. ఇనుప సామాన్లు అమ్ముకుని బతికినవాడికి ఖాళీ జేబులతో కూర్చోవడం చెప్పులు లేకుండా నడిచినట్టుంటుంది. లోపలికి వెళ్ళేముందు ఆమె నా చొక్కా కాలరు సరిచేసి, "మేము భయపడొద్దు షావుకారూ. మేము బాగా చెప్దాం" అంది. మేము! ఇన్నేళ్ళయింది, ఆ మాట మాత్రం మారలేదు. నన్ను బయట నిలబెట్టి నాతోనే చెప్తున్నట్టుంటుంది. ఇప్పుడు చూడు, నిజంగానే ఆమె లోపల, నేను బయట. సందులోంచి ఆమె కుడి కాలి చెప్పు కనపడుతోంది, గొంతు వినపడుతోంది, మాటలు తెలియడం లేదు.

ఇక్కడి పద్ధతి ఇది. పెళ్ళి చేసుకుని ఈ దేశం వచ్చినవాళ్ళను ఉండనివ్వాలా వద్దా అని తేల్చేముందు ఇద్దరినీ విడివిడిగా అడుగుతారు, ముందు ఇక్కడి మనిషిని, తర్వాత వచ్చినవాణ్ణి. ఇద్దరి మాటలూ పక్కపక్కన పెట్టి తూస్తారు. పెళ్ళి నిజమా, కాపురం నిజమా, ఈ మనిషి ఉండిపోయే మనిషేనా. తూచడం తప్పని నేననను, నేనూ తూచి బతికినవాణ్ణే. కాకపోతే తక్కెట్లో కూర్చోవడం ఇదే మొదటిసారి. అందులోనూ నాకు ఒక లెక్క ఉంది, అది ఆమెకు చెప్పలేదు. వాళ్ళు కాదన్నారనుకోండి, నేను మా ఊరికి వెళ్ళిపోతాను, నా కొట్టులో నా కుర్చీలో కూర్చుంటాను, మాట తప్పాడని ఎవరూ అనరు. నేనే వెళ్ళిపోతానంటే నేను చెడ్డవాణ్ణి, వాళ్ళు పొమ్మంటే నేను పాపం మంచివాణ్ణి. బేరం చెడిపోవాలనుకున్నప్పుడు మన నోటితో చెడగొట్టకూడదు, ఎదుటివాడి చేత చెడగొట్టించాలి, ఇది నాకు బల్ల వెనక నిలబడ్డ మొదటి ఏడాదే తెలిసిన విద్య. అయితే ఆ లెక్కలో ఒక తరుగు ఉంది. నన్ను పొమ్మంటే ఆమె నాతో వస్తుందా? వస్తానని ఆమె అనలేదు, వస్తావా అని నేను అడగలేదు. అడగని ధర ఎంతో ఎవరికి తెలుసు.

పక్క బెంచీ మీద ఒక కుర్ర జంట పాఠం అప్పజెప్పుకుంటున్నారు. ఈ భాషలో నాకు రంగులూ, కూరగాయలూ, వారాల పేర్లూ వచ్చు, అందుకని కొంత తెలుస్తోంది. పళ్ళు తోముకునే బ్రష్షు గురించి. నీలం అన్నాడు కుర్రాడు. కాదు, ఆకుపచ్చ, అని ఆ పిల్ల మోచేత్తో ఒక్కటి పొడిచింది. నన్నూ అడుగుతారు కాబోలు. ఆమె బ్రష్షు రంగేమిటి? గుర్తు రావడం లేదు. ఆమె పనిసంచీలో ఏ జేబులో ఏ సైజు స్పానరు ఉంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలను, దేని పిడి అరిగిందో, దేనికి గుడ్డ చుట్టిందో చెప్పగలను. కాపురం నిజమని ఒప్పుకోవడానికి అది సరిపోతుందో లేదో. ఆమె ఆసుపత్రుల్లో ఎముకలకు ఫొటోలు తీసే యంత్రాలు బాగుచేసే మనిషి, ఆ యంత్రంతో పాటే మా ఊరి పెద్దాసుపత్రికి వచ్చింది, యంత్రం నిలబడేదాకా ఉండి వెళ్ళిపోవాల్సిన మనిషి. ఒకరోజు మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ, విరిగిన బోల్టు ఒకటి అరచేతిలో పెట్టుకుని మా కొట్టుకు వచ్చింది, భాష రాదు, ఆ బోల్టు బల్ల మీద నిలబెట్టి మా ఇద్దరి మొహాలూ చూసింది. అన్నయ్య చూసి లేదని తల ఊపేశాడు. నేను దాని పళ్ళు వేలితో తడిమి, అడుగు సొరుగులోంచి అలాంటిదే తీసి ఇచ్చాను. మామూలు గిరాకీ అయితే తీసుకుని వెళ్ళిపోతాడు. ఆమె వెళ్ళలేదు, అక్కడే దీపం కింద నిలబడి నట్టు ఎక్కించి, సగంలో ఆగి, వెనక్కి తిప్పి, బోల్టు నా వైపు జరిపి ఒక పన్ను మీద గోరు పెట్టి చూపించింది. అరిగి ఉంది. సరుకులో లోపం పట్టుకున్న గిరాకీ అంటే నాకు కోపం రావాలి, రాలేదు, ఇంకొకటి తీసి ముందు నేనే నట్టు ఎక్కించి చూసి ఇచ్చాను. ఆ తర్వాత ఆమె అవసరం ఉన్నవాటికీ వచ్చింది, లేనివాటికీ వచ్చింది. అందరికంటే ముందు కనిపెట్టింది మా వదిన. "మరిదీ, ఆ బోల్టమ్మ ఆసుపత్రి మొత్తాన్నీ నీ సొరుగు మీదే నిలబెట్టేట్టుంది. యంత్రం పాడవుతోందా, పాడుచేసుకుని వస్తోందా?" అంది. అన్నయ్య నవ్వలేదు. అన్నయ్య నవ్వనప్పుడే వ్యవహారం గట్టిదని మా ఇంట్లో గుర్తు.

లోపల ఎవరో దగ్గారు. ఆమె నవ్వింది. ఆఫీసరుతో ఏం నవ్వులాట? లేక నా గురించి ఏదైనా చెప్పి నవ్విందా. మేము అలా చేస్తాం, మేము ఇలా తింటాం అని చెప్తూ ఉంటుంది. ఆ మేము సంగతి ఆమె తప్పు కాదసలు. మా నాన్నగారి రోజుల నుంచి మా కొట్టులో ఒక కట్టుబాటు ఉంది, గిరాకీతో ఎవరూ మన అనకూడదు. బజారంతా అంటారు, రండి రండి మన దగ్గర దొరకనిదేముంది, మన కొట్టే అనుకోండి, అని. మా నాన్నకు అది చెవిలో మేకు. "మన దగ్గర అన్నావనుకో, మనదేగా అని రేపు వాడు అరువడుగుతాడు. మా దగ్గర అను. మా అంటే మధ్యలో బల్ల ఉన్నట్టు" అనేవాడు. ఆయన పోయినా బల్ల అలాగే ఉంది, మాట అలాగే ఉంది. మా దగ్గర ఉందండీ, మేము తెప్పిస్తామండీ, మేము ఇచ్చిన సరుకు మేము వెనక్కి తీసుకోమండీ. సాయంత్రాలు ఆమె స్టూలు మీద కూర్చుని అన్నయ్య మాటా నా మాటా వింటూ పెదవులు కదిపేది. తెలుగంతా అక్కడ నేర్చుకుంది, మా బల్ల మీద కొన్న తెలుగు అది. నన్ను అందరూ చిన్నషావుకారు అనేవారు కాబట్టి తనూ షావుకారూ అంది, గిరాకీలు మీరు అనేవారు కాబట్టి తనూ మీరు అంది, ఇప్పటికీ అంతే. పెళ్ళయి మా ఇంట్లో కాలు పెట్టిన మొదటి వారం వంటింట్లోకి వెళ్ళి, "అక్కా, మేము వంట చేద్దాం" అంది. వదిన గరిట ఆమె చేతిలో పెట్టి పీట లాక్కుని కూర్చుంది. "మీరు చేసుకోండి తల్లీ. మేము తింటాం" అంది. ఆమెకు జోకు అర్థం కాలేదు, కంగారుపడి, రెండు చేతులూ ఊపి, "కాదు కాదు, మేము. మీరు కూడా మేము" అంది. ఆ మాట మా వీధంతా తిరిగింది. పాలవాడు కూడా అన్నాడు, మీరు కూడా మేమేనా చిన్నషావుకారూ, అని. అప్పుడు అది ముద్దు. ఎవరి నేల మీద నిలబడి వింటున్నామో దాన్ని బట్టి మాట తూకం మారిపోతుంది, మా ఊళ్ళో నవ్వించిన మాట ఇక్కడ ముల్లయింది.

పెళ్ళి ఒప్పందంలోనే ఇది ఉంది, ఎవరూ మోసం చేయలేదు. నాలుగేళ్ళు మీ ఊళ్ళో నేను, ఆ తర్వాత మా ఊళ్ళో మీరు, ఆ తర్వాత చూద్దాం, అంది ఆమె. తూకం సరిగ్గా ఉంది. ఆమె మా ఇంట్లో మా నీళ్ళు తాగింది, మా చుట్టాల పెళ్ళిళ్ళలో గంటలు గంటలు కూర్చుంది, మా అమ్మ పెట్టిన పేర్లు పడింది, మా అమ్మ పోయినప్పుడు ఆ గదిలో అందరికంటే ఆలస్యంగా ఏడుపు ఆపింది. చెల్లించేసిన మనిషి ఎదురుగా నిలబడి నీ వంతు అంటే ఏమంటావు? అన్నయ్య ఒక్కడే అడ్డం తిరిగాడు. "మగాడు ఇల్లరికం వెళ్ళడమేమిటిరా? అదీ పక్క ఊరయితే వారానికోసారి వచ్చి మొహం చూపిస్తావు" అన్నాడు. వదిన అందుకుంది. "మీ తమ్ముడు ఏది చేసినా టోకునే కదండీ. మామూలు అల్లుళ్ళు అత్తారింటికి వెళ్తారు, ఈయన దేశానికే వెళ్తున్నాడు." అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కొట్టులోంచి ఒక ఇత్తడి తాళం, మా దగ్గరున్నవాటిలోకెల్లా గట్టిది, గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టుకున్నాను. అత్తగారింటికి వట్టి చేతులతో వెళ్ళకూడదు కదా అని.

ఆ తాళమే నా పరువు తీసింది. మా అత్తగారు బడిపిల్లల బస్సు నడుపుతుంది. బలమైన మనిషి, చేయి కలిపితే వేళ్ళు నొప్పెడతాయి, తెల్లవారకముందే బస్సుకు వెళ్ళి మధ్యాహ్నానికి వస్తుంది. వీధి తలుపు తాళంచెవి పూలకుండీ కింద పెట్టి పోతుంది! తాళాలు అమ్మినవాడి కళ్ళముందు! మొదటి వారమే చూసి నాకు నిద్ర పట్టలేదు. వచ్చినవాణ్ణి వచ్చినట్టు ఏదో ఒక ఉపకారం చేద్దామనుకున్నాను, ఇద్దరూ పనికి వెళ్ళిన పూట ఆ డొక్కు తాళం పీకేసి, తలుపుకు కమ్మీ వేసి, నా ఇత్తడి తాళం బిగించి, నొక్కి చూసి, లాగి చూసి, చెవి జేబులో వేసుకుని భాష నేర్చుకునే క్లాసుకు వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేసరికి అత్తగారు బస్సు కోటు తీయకుండా మెట్ల మీద కూర్చుని ఉంది. పాత చెవి చేతిలో ఉంది. నన్ను చూసి ఒక పొడుగాటి వాక్యం అంది, అందులో ఇల్లు అన్న మాట ఒక్కటే నాకు దొరికింది. సాయంత్రం నా భార్యను అడిగాను, ఏమంది మీ అమ్మ అని. ఆమె కొంచెం ఆలోచించి, తెలుగులో పేర్చుకుని చెప్పింది. "అమ్మ అంది, మా ఇంటికి నేనే బయట కూర్చున్నాను అని." అంతే. కోపం లేదు, అత్తగారు మర్నాడు మామూలుగానే ఉంది, కొత్త తాళం తీయనివ్వలేదు, బాగుందని వేలితో కొట్టి చూసింది కూడా. దాని రెండో చెవి తీసుకెళ్ళి పూలకుండీ కింద పెట్టింది. నా మనసు మాత్రం ఆ మా అన్న మాట దగ్గర ఆగిపోయింది. మా ఇల్లు. నిజమే, మీ ఇల్లే, నేను కాదన్నానా? ఆ రోజు నుంచి నేను ఆ ఇంట్లో మేకు కొట్టలేదు. కిర్రుమనే తలుపుకు నూనె కూడా వేయలేదు, అడిగితే వేద్దామని, ఎవరూ అడగలేదు.

బయట వాన మొదలయినట్టుంది, అద్దం మీద చుక్కలు జారుతున్నాయి, కుర్ర జంట బ్రష్షు వదిలేసి దుప్పటి దగ్గరికి వచ్చారు. ఈ దేశంలో నాకు చేతకాని పని ఒక్కటే, నాకు వచ్చిన పని. ఇక్కడ ధర చీటీ మీద అచ్చేసి ఉంటుంది, చీటీతో ఎవడు మాట్లాడగలడు? ఒకసారి పెద్ద దుకాణంలో సుత్తి ఒకటి నచ్చి, ఆ మాటా ఈ మాటా కూడబలుక్కుని, తగ్గించమన్నాను. ఆ అమ్మాయికి అర్థమే కాలేదు. నా వెనక నిలబడ్డ ముసలాయన అర్థమైందనుకుని, నా దగ్గర చాలలేదేమోనని తనే తీయబోయాడు. సుత్తి అక్కడే పెట్టి వచ్చేశాను. ఇప్పుడు ఒక గోదాములో మరలు సైజు ప్రకారం డబ్బాల్లో వేసే పని, అదీ ఇవాళ కాగితం చేతికి వస్తేనే నిలుస్తుంది. మరలు మంచివే, మరలు ఏ దేశంలోనైనా మరలే, కానీ అవి ఎవరింటికి వెళ్తాయో, ఏ తలుపుకు ఎక్కుతాయో తెలియదు. మా కొట్టులో ఒక గొళ్ళెం అమ్మితే ఎవరింట్లో కూతురు పుష్పవతి అయిందో, ఎవరు వేరు కాపురం పెడుతున్నారో తెలిసేది. పొద్దున్న అన్నయ్య ఫోను చేశాడు. ఇవాళ ఇక్కడికి వస్తున్నామని తెలుసు. నా కుర్చీ అలాగే ఉంచాడు ఇన్నాళ్ళూ, ఎవర్నీ కూర్చోనివ్వడు. "కొట్టు పక్కవాటా ఖాళీ అయిందిరా. గోడ తీసి కలిపేద్దామనుకుంటున్నాను. నువ్వొస్తే ఒక రకంగా కట్టిస్తాను, రాకపోతే ఒక రకంగా. మేస్త్రీ రేపు వస్తాడు, వాడికేం చెప్పమంటావు?" అన్నాడు. ఇవాళ తెలుస్తుందన్నాను. "వాళ్ళేమంటారో కాదురా నేనడిగేది. నువ్వేమంటావు?" సిగ్నలు సరిగ్గా లేదన్నాను. సిగ్నలు బాగానే ఉంది.

మేము బాగా చెప్దాం. సందులో ఆమె చెప్పు కదిలింది, కాలు మీద కాలు వేసుకున్నట్టుంది. ఏం చెప్తోందో. ఈ భాషలో మేము, మనం అని రెండు లేవు, ఒక్కటే మాట. క్లాసులో పంతులమ్మ మొదటి నెలలోనే చెప్పింది, నేనే అడిగాను, ఆ మాటలో ఎదుటివాడు ఉన్నట్టా లేనట్టా అని. ఆవిడకు ప్రశ్న ఎంతకూ అర్థం కాలేదు, అర్థమయ్యాక నవ్వి, గదిలో ఎవరున్నారో చూసుకుంటే తెలిసిపోతుంది కదా అంది. చీటీల మీద ధర అచ్చేసే దేశంలో ఇంత ముఖ్యమైన మాటకు చీటీ లేదా అనుకుని ఊరుకున్నాను. అయితే అత్తగారు ఆ రోజు మెట్ల మీద అన్నది ఏ మాట? ఆ ఒక్క మాటే కదా. అందులో మా ఎక్కడిది? ఆ మా వేసింది నా భార్య. ఆమెకు ఆ మా ఇచ్చింది ఎవరు? మేమే ఇచ్చాం. నాన్న కట్టుబాటు, అన్నయ్య గొంతు, మధ్యలో బల్ల. మా అత్తగారు మెట్ల మీద కూర్చుని ఒక మాట అంటే అది మా నాన్న బల్ల మీదుగా తిరిగి నా దగ్గరికి వచ్చింది. సరుకు నాదే, తిరిగొచ్చి నాకే తగిలింది. సరే, ఇది ఒక పద్దు. ఇంకొకటి ఉంది, ఇప్పుడే తడుతోంది, ఇన్నేళ్ళు ఎలా చూడలేదో. మేము చెప్దాం. మేము వెళ్దాం. మేము వంట చేద్దాం. వదిన, పాలవాడు, నేను, అందరం మేము అన్న మాట దగ్గరే ఆగి నవ్వాం, ఆ వాక్యం చివరిదాకా వెళ్ళలేదు. చివర ఉన్నది దాం. ఎదుటి మనిషిని కలుపుకోకుండా దాం రాదు. చెప్దాం, వెళ్దాం, తిందాం, అక్కడ ఆమె ఒక్కసారీ తప్పలేదు, వాక్యం మొదట్లో నన్ను గుమ్మం బయట నిలబెట్టి చివరికొచ్చేసరికి చేయి పట్టుకుని లోపలికి లాగేస్తుంది. ఈ దాం ఎక్కడ నేర్చుకుంది? కొట్టులో కాదు. బల్ల దగ్గర ఎవరూ దాం అనరు, ఇస్తాం, తెప్పిస్తాం, తీసుకోం, అంతే. కొట్టు కట్టేశాక ఆసుపత్రి గేటుదాకా నడిపించేవాణ్ణి, అప్పుడు మనం అనడానికి సిగ్గేసి, మేము అనడానికి నోరు రాక, ఏదీ అనకుండా, వెళ్దాం అనేవాణ్ణి. టీ తాగుదాం. ఈ పక్కగా పోదాం, అక్కడ బురద. అవి నా మాటలు. మేము కొట్టుది, దాం నాది. రెండూ కలిపి ఆమె ఒక వాక్యం చేసుకుంది, దాంతోనే ఇన్నేళ్ళు కాపురం చేసింది.

తలుపు నేలకు రాసుకుంటూ తెరుచుకుంది. నన్ను పిలిచారు. గదిలో బల్ల, బల్ల వెనక జలుబు చేసిన ఆఫీసరు, ఎర్రటి ముక్కు, పక్కన రుమాళ్ళ పెట్టె, మధ్యలో ఆకుపచ్చ దీపం వెలుగుతున్న ఒక నల్ల ఫోను డబ్బా. నా భార్యను పక్క కుర్చీలో కూర్చోమన్నారు, మాట్లాడకూడదన్నారు. డబ్బాలోంచి తెలుగు వచ్చింది. ఇంట్లో తెలుగు కాదు, కొన్న తెలుగు కాదు, పుట్టిన తెలుగు, ఒక ఆడమనిషి గొంతులో.

"నమస్కారమండీ. ఆయన అడిగింది అడిగినట్టు మీకు చెప్తాను, మీరు చెప్పింది చెప్పినట్టు ఆయనకు చెప్తాను. సొంతంగా ఏమీ కలపను. సరేనా?"

"సరేనమ్మా. మీదే ఊరు?"

"అవన్నీ మాట్లాడకూడదండీ. మీరేం పని చేస్తారు?"

"ఇది ఆయన అడిగారా, మీరడిగారా?"

"ఆయనేనండీ బాబూ."

చెప్పాను. పొద్దున్న లేవగానే మీ భార్య మొదట ఏం చేస్తారు అని అడిగారు. ఒక చెప్పు దొరుకుతుంది, రెండోది వెతుక్కుంటుంది అన్నాను. డబ్బాలోని ఆవిడ నవ్వు ఆపుకుని చెప్పినట్టుంది, ఆఫీసరు ముక్కు తుడుచుకుని కంప్యూటర్లో కొట్టుకున్నాడు. బ్రష్షు రంగు అడగలేదు. తర్వాత, ఈ దేశంలోనే ఉండిపోయే ఉద్దేశం ఉందా అన్నాడు.

"మీరు ఉండమంటే ఉంటాం" అన్నాను. అది పాత విద్య.

"అలా కుదరదట. అనుమతి సంగతి తను చూసుకుంటానంటున్నారు, ఉద్దేశం మీది కదా, అది చెప్పమంటున్నారు."

"మిగతావి అడగమనండమ్మా. దానికి చివర్లో చెప్తాను."

"ఇదేం వంకాయల బేరమండీ?" అని, వెంటనే, "ఇది నా మాట. ఆయనది కాదు" అంది ఆవిడ.

నా భార్య నా వైపు చూడలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని వేళ్ళకున్న గ్రీజు మరక గోరుతో గీకుతోంది. ఆ గోరునే మొదటిరోజు బోల్టు మీద చూశాను. ఈమెకు నా లెక్క తెలుసు, అని అప్పుడు తెలిసింది నాకు. అరిగిన పన్ను పట్టుకున్న మనిషి నన్ను పట్టుకోలేదా? తెలిసే, అడక్కుండా, కాలరు సరిచేసి లోపలికి వచ్చింది.

ఇప్పుడు ఉంటున్న ఇల్లు ఎవరిది అన్నారు. మా అత్తగారిది అన్నాను. ఆఫీసరు కళ్ళద్దాలు పైకి జరుపుకుని తెర మీద వెతికాడు.

"మీ ఆవిడను ఇదే అడిగితే మా ఇల్లు అన్నారట. మీరేమో అత్తగారిదంటున్నారు. ఏది రాసుకోమంటారంటున్నారు."

"ఆవిడ మా అందా, మన అందా?"

"ఇక్కడ రెంటికీ ఒకటే మాట కదండీ. నా నోటికి మా అని వచ్చింది, అలా చెప్పాను. మన కూడా అయ్యుండొచ్చు. నేనెలా చెప్పగలను, నేనక్కడ లేను కదా?"

నేనున్నాను. గదిలో ఎవరున్నారో చూసుకున్నాను. జలుబు మనిషి, నేను, ఆమె.

"ఆవిడ చెప్పిందే రాసుకోమనండి" అన్నాను.

ఆఫీసరు అదే కంప్యూటర్లో కొట్టాడు. ఇంతలో డబ్బాలోని ఆవిడ ఆయనతో ఏదో అంది, ఆయన గడియారం చూసి తల ఊపాడు. ఆవిడ నాతో, "నా టైము అయిపోయిందండీ, ఇంకో ఆఫీసువాళ్ళు లైన్లో ఉన్నారు. మిగిలిన ఆ ఒక్క ప్రశ్నకూ ఇంకో రోజు రమ్మంటున్నారు, కబురు చేస్తారట" అంది. ఇంకో రోజు! నేను కోరుకున్నట్టే వాయిదా వచ్చింది. మేస్త్రీకి రేపు కూడా ఏమీ చెప్పక్కర్లేదు. ఆవిడ గొంతు ఆఫీసు గొంతులోంచి ఇంటి గొంతులోకి జారింది. "ఉంటానండీ" అంది.

"ఉంటానమ్మా" అన్నాను. అలవాటు. ఫోను పెట్టేసేటప్పుడు ఎవరైనా అనేదే.

దీపం ఆరిపోయింది. ఆఫీసరు తలెత్తాడు. ఉండటం గురించి అడిగినప్పుడు డబ్బాలో ఆ మాట అటూ ఇటూ తిరగడం ఆయన చెవిన పడ్డట్టుంది, నన్ను వదిలి నా భార్య వైపు తిరిగి, ఏమన్నాడు ఈయన అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

ఆమెకు తెలుసు. మా కొట్టులో ఫోను దగ్గర స్టూలు మీద కూర్చుని ఆ మాట వందసార్లు విన్న మనిషి, మా వదినతో మాట్లాడి పెట్టేసేటప్పుడు తనూ అదే అంటుంది. అది వీడ్కోలు మాటని ఈ ఊరు మొత్తంలో తెలిసినవాళ్ళం మేమిద్దరమే. ఆమె ఆఫీసరు కళ్ళలోకి చూసి, తన భాషలో, తొణక్కుండా, రెండే రెండు మాటలు చెప్పింది. నాకు రంగులూ కూరగాయలే కాదు, ఆ రెండు మాటలూ వచ్చు. ఉంటాడట.

ఆయన వేళ్ళు మీటల మీద ఆగాయి, కొట్టలేదు, నా మొహం వైపు చూశాడు. ఆమె కూడా అప్పుడే మొదటిసారి నా వైపు తిరిగింది. అది అలా కాదండీ, మా వైపు ఫోను పెట్టేసేటప్పుడు అలా అంటాం, అని చెప్పడానికి నాకు కావలసినంత వ్యవధి ఇచ్చారు ఇద్దరూ. ఆమె మొహంలో బతిమాలడం లేదు, బెదిరింపు లేదు. సరుకు బల్ల మీద పెట్టి చేతులు వెనక్కి తీసుకున్న మనిషి మొహం అది.

డబ్బాలో ఎవరూ లేరు. వీడ్కోలు చెప్పడానికి అవతల ఎవరూ లేరు.

"ఉంటాను" అన్నాను.